జక్రయ్య మాస్టారు, మొహం వేసే వంతు

పోయిన నెల రెండో మంగళవారం నేను మౌంట్ ఆల్బర్ట్‌లో రైలు దిగి జక్రయ్య మాస్టారి ఇంటికి దాదాపు పరుగెత్తాను. చేతిలో యూనివర్సిటీ నుంచి వచ్చిన ఉత్తరం. మా ఇల్లున్న మనురేవా నుంచి దారి పొడుగునా ఎన్నిసార్లు విప్పి చదివానో, మడతల దగ్గర కాగితం గుడ్డలా మెత్తబడింది. నేను పాసయ్యాను. కళల చరిత్రలో, మొదటి తరగతిలో. అమ్మ వైపు చూసినా నాన్న వైపు చూసినా మా వంశంలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. అమ్మకి ఫోన్‌లో చెబితే పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో అందరికీ కేకేసి చెప్పింది. నాన్నకి చెబితే ఉత్తరం మొత్తం చదివి వినిపించమన్నాడు. కానీ ఆ వార్త ఎవరికి చెబితే నిజమవుతుందో ఆ మనిషికి ఇంకా చెప్పలేదు. అందుకే పరుగు.

ఇంటి ముందు నాలుగు కార్లున్నాయి. తలుపు తీసే ఉంది. సోఫాలో మాస్టారి భార్య సారమ్మ ఆంటీ, ఆమె చుట్టూ చర్చి ఆడవాళ్ళు. నన్ను చూసి ఆంటీ చెయ్యి చాపింది. "మాస్టారు లేరమ్మా హెప్సీ. పొద్దున పళ్ళు తోముకుంటూ కూలబడిపోయారు. అంబులెన్స్ వచ్చేలోపే ప్రాణం పోయింది" అంది.

నేను అన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. "నేను పాసయ్యాను ఆంటీ" అన్నాను. ఆ మాట అప్పటికి గంటన్నరగా నా నోట్లో ఉంది, ఏది విన్నా అదే బయటికొచ్చేట్టుంది. చర్చి ఆడవాళ్ళు నా వైపు చూశారు. ఆంటీ మాత్రం నర్సు. ముప్పై ఏళ్ళు ఆస్పత్రుల్లో మనుషులు వేళ కాని వేళ మాట్లాడే మాటలన్నీ విన్న మనిషి. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని "ఎన్ని మార్కులమ్మా?" అని అడిగింది.

మన పత్రికవాళ్ళు మాస్టారి గురించి రాయమని అడిగినప్పుడు మొదట కలిగింది దుఃఖం కాదు. మాస్టారి ఇంకో శిష్యురాలు శ్రావణక్కని కాకుండా నన్ను అడిగారన్న తృప్తి. ఇలా ఒప్పేసుకోవడం మాస్టారి దగ్గర నేర్చుకున్నదే. ఆయన దగ్గర ఏదీ దాగేది కాదు కాబట్టి దాచడం మానేశాను. ఆయన్ని నేను ప్రేమించిన ఆరేళ్ళలో సగం అసూయగానే గడిచింది. ఆయన మెచ్చుకున్న ప్రతి మనిషి మీదా అసూయ. వాళ్ళలో ఒకడు చనిపోయి ఐదు వందల ఏళ్ళయింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మాస్టారు చీరాలలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. నర్సులు కావాలని ఈ కివీల దేశం పిలిస్తే ఆంటీ ముందొచ్చింది, ఏడాదికి ఆయన వచ్చారు. ఇక్కడ డ్రాయింగ్ టీచరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. పటాలకి ఫ్రేములు కట్టే షాపులో చేరారు, చివరి వారం దాకా అక్కడే పనిచేశారు. శనివారాలు ఇంటి గరాజ్‌లో బొమ్మలు నేర్పేవారు. చిన్నపిల్లలు పొద్దున వచ్చి వెళ్ళిపోయాక, మధ్యాహ్నం నుంచి అసలు పని. ఆ గరాజ్‌ని ఆయన "కొట్టు" అనేవారు. ఐదు వందల ఏళ్ళ కింద ఇటలీలో చిత్రకారుడు పనిచేసే చోటుని వాళ్ళ భాషలో కొట్టనే అనేవాళ్ళట, మంగలికొట్టు, కిరాణాకొట్టు లాగే. "ఆర్ట్ స్టూడియో అనకమ్మా. స్టూడియో అంటే సోఫా ఉండాలి" అనేవారు.

చనిపోయి ఐదు వందల ఏళ్ళయిందన్నానే, ఆ ఇటలీ ఆయన సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లైబ్రరీవాళ్ళు తీసేసి అమ్ముతున్న పాత పుస్తకాల్లో మాస్టారికి ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అందులో మూడు పేజీలు ఒక పేరు తెలియని చిత్రకారుడి గురించి. పుట్టిన ఊరు తెలియదు, పోయిన సంవత్సరం తెలియదు. చర్చిల కోసం చెక్క పలకల మీద వేసిన బొమ్మలు ఆరు మిగిలాయి, అంతే. అన్నిట్లోనూ ఆడవాళ్ళు నెత్తిన నీలం కొంగు కప్పుకుని ఉంటారు కాబట్టి పండితులు ఆయనకి నీలికొంగు మాస్టర్ అని పేరు పెట్టారు. మా మాస్టారు ఆ మూడు పేజీల మీద పదేళ్ళు బతికారు. భూతద్దం పెట్టి చూసి చూసి, ఎక్కడా రాయని ఆయన జీవితాన్ని తనే తెలుసుకున్నారు. నీడల గీతలు వాలిన తీరును బట్టి ఎడమచేతివాటం అన్నారు. నాలుగో పలక నుంచి చిన్న వస్తువులు మసకబారాయి కాబట్టి చూపు తగ్గిందన్నారు. కుక్కలు ఎక్కడున్నా ప్రాణం పెట్టి వేశాడు, గుర్రాలు మాత్రం బల్లలకి కాళ్ళు పెట్టినట్టున్నాయి కాబట్టి గుర్రం ఎక్కేంత ఉన్నవాడు కాదన్నారు. "మరి మీరు ఇటలీ వెళ్ళి చూడొచ్చు కదా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను. "ఆయన చీరాల వచ్చాడా?" అన్నారు.

చూపు ఆయనకి అలా ఉండేది. షాపుకి ఒకరోజు ఒక కివీ పెద్దావిడ తను వేసిన సముద్రం బొమ్మ తెచ్చింది. మాస్టారు కొలతలు తీసుకుంటూ ఎడమ మూల ఒక అల మీద వేలు పెట్టి, తనకొచ్చిన ఇంగ్లీషులో "ఇక్కడ మీరు లేచి వెళ్ళారు" అన్నారు. ఆవిడ బిత్తరపోయి చూసిందట. అక్కడికి రాగానే ఫోన్ మోగింది, చెల్లెలికి జబ్బని తెలిసింది, మళ్ళీ బొమ్మ దగ్గర కూర్చోవడానికి నెల పట్టిందట. ఈ సంగతి షాపు యజమాని చెప్పాడు నాకు. నాలుగేళ్ళు యూనివర్సిటీలో చదివాను, స్లైడ్లు చూశాను, పెద్ద పెద్ద మాటలు నేర్చుకున్నాను. ఏ అల దగ్గర ఎవరు లేచారో ఇప్పటికీ నాకు తెలియదు. నాకు పట్టా ఉంది, ఆయనకి కన్ను ఉంది. పట్టా వచ్చినరోజు కూడా ఈ విషయంలో నాకు ఆయన మీద కుళ్ళే.

నేను కొట్టులో చేరింది అమ్మ వల్ల. అమ్మ రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్, అప్పట్లో ఆంటీ అక్కడే నర్సు. "మా పిల్ల నేనింటికి తెచ్చే ఫారాల వెనకంతా బొమ్మలు గీసి పెడుతుంది మేడమ్, ఒక్క ఫారమూ పనికిరావట్లేదు" అని అమ్మ మొర పెట్టుకుంటే "మా ఆయన దగ్గరికి పంపు" అంది ఆంటీ. అప్పుడు నాకు పదిహేడు. వెళ్ళిన మొదటి రోజే మొహం వేసేస్తాననుకున్నాను. మాస్టారు సుద్దపొడి, జిగురు ఇచ్చారు.

పద్ధతి చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. నీలికొంగు మాస్టర్ కాలంలో గుడ్డ మీద కాదు, చెక్క మీద వేసేవాళ్ళు. చెక్క మీద జిగురు కలిపిన సుద్ద ఎనిమిది పూతలు వెయ్యాలి. ఒక్కో పూతా ఆరాలి. తర్వాత అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. దాని మీద రంగు. రంగులో కలిపేది నూనె కాదు, కోడిగుడ్డు పచ్చసొన. సొనని ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి దొర్లించి, తడి ఆరాక దాని పొర వేళ్ళతో పట్టుకుని గుచ్చి, లోపలిది గిన్నెలోకి వదలాలి. కొట్టులో ఎవరి పని వాళ్ళది. కొత్తవాళ్ళు పూతలు, కాస్త చెయ్యి తిరిగాక బట్టలు, చెట్లు, బంగారు రేకు అతకడం. మొహాలు, చేతులు మాత్రం పెద్దాయన వేస్తాడు, లేదా పెద్దాయన పిలిచి బ్రష్ చేతికిచ్చిన ఒక్క శిష్యుడు. ఎంత బాగా వేసినా ఎవరూ పేరు రాయరు. మాస్టారు గరాజ్‌లో ఇదంతా ఇలాగే నడిపారు. ఆయనకి అది ఆట కాదు.

గుడ్ల సంగతి ఇంటింటా తెలిసిందే. మూల మీద డెయిరీ అనే చిల్లర దుకాణం నడిపే గుజరాతీ అంకుల్, వారానికి మూడు డజన్లు కొంటున్నాడు కదా అని మాస్టారిని కేకులు చేసేవాడనుకున్నాడు. సొనలన్నీ కొట్టుకి పోతే తెల్లసొనలు వంటింట్లో మిగిలేవి. "మా ఇంట్లో ఆమ్లెట్టు పసుపురంగులో ఉండి ఎన్నేళ్ళయిందో. పేషెంట్లకి పెట్టినట్టు తెల్లగా పెడుతున్నా ఈయనకి" అనేది ఆంటీ. "అందుకే కదా ఆరోగ్యంగా ఉన్నా" అనేవారు మాస్టారు. "నేనున్నాగా నర్సుని, అందుకు ఉన్నారు" అనేది ఆంటీ.

ఏడాది నేను పూతలు వేశాను, రుద్దాను, రంగు నూరాను, ఆకులు వేశాను, కొంగుల మడతలు వేశాను. తొందరపడితే మాస్టారు తిట్టేవారు కాదు. పలకని వెలుతురుకి అడ్డంగా పట్టి చూపించేవారు. "నిన్నటి పూత ఆరకుండా ఇవాళ్టిది వేశావు. ఇప్పుడేం కాదు. నువ్వు మర్చిపోయాక పగులుతుంది" అనేవారు. ప్రతిదానికీ నీలికొంగు ఆయనతో పోలిక. ఆయనైతే ఈ మడత ఇక్కడ ఆపేవాడు. ఆయనైతే ఈ ఆకు వెయ్యకుండా వదిలేసేవాడు. ఐదు వందల ఏళ్ళ కింద పోయినవాడితో పోటీ పడటం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు. ఆయన తప్పు చెయ్యడు, కొత్తది వెయ్యడు, మాస్టారికి ఎదురు చెప్పడు.

అప్పుడు శ్రావణక్క వచ్చింది. రాజమండ్రి అమ్మాయి. భర్త సాఫ్ట్‌వేర్, తనకి పని చేసే వీసా లేదు, ఇంట్లో తోచక మౌంట్ ఆల్బర్ట్‌లోనే ఉన్న మాస్టారి దగ్గరికి నడుచుకుంటూ వచ్చింది, చేతిలో పులిహోర డబ్బాతో. ఎక్కడా నేర్చుకోలేదట. మొదటి రోజు మాస్టారు ఆమె ఎడమచేతినే చూసి గియ్యమన్నారు. గీసింది. మాస్టారు ఆ కాగితం పట్టుకుని గరాజ్ బయటికెళ్ళి ఎండలో నిలబడ్డారు. నా కాగితం పట్టుకుని ఆయన ఎప్పుడూ బయటికెళ్ళలేదు.

శ్రావణక్క చెడ్డది అయ్యుంటే నాకు చాలా హాయిగా ఉండేది. "హెప్సీ, నువ్వు రుద్దిన పలక గాజులా ఉంటుంది తెలుసా. బ్రష్ పెడితే చాలు, అదే వెళ్ళిపోతుంది" అనేది మనస్ఫూర్తిగా. నేను పళ్ళు కొరుక్కుని "థ్యాంక్సక్కా" అనేదాన్ని. ఆ పులిహోర కూడా బాగుండేది.

ఆరు నెలలకి మనురేవాలో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆరాధనకి చేరే హాలు కోసం మాస్టారు పెద్ద పలక మొదలుపెట్టారు. తల్లి మరియ, బిడ్డ, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. చర్చి పెద్దలు ఒకరిద్దరు "బొమ్మలెందుకు మాస్టారూ మనకి?" అని నసిగినా ఆంటీ అందరి ఇళ్ళకీ వెళ్ళి ఒప్పించింది. పలక నేనే తయారుచేశాను, రెండు నెలలు. అది మా హాలు. మా అమ్మా నాన్నా ప్రతి ఆదివారం కూర్చునే చోటు. ఒక్క మొహం నాకిస్తే, అమ్మ పాటల పుస్తకం లోంచి తలెత్తినప్పుడల్లా నేను వేసినది కనబడుతుంది. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

మాస్టారు బ్రష్ శ్రావణక్క చేతికిచ్చారు. మరియ మొహం.

"నాకెప్పుడు మాస్టారూ మొహం?" అని ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ అడిగేశాను.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. "నువ్వు మొహం చూడట్లేదమ్మా హెప్సీ. ఎవరు బాగా వేస్తున్నారో అది చూస్తున్నావు."

"చూస్తే తప్పేంటి?"

"తప్పు కాదు. ఆ పని వేరే."

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ పద్ధతిలో మొహానికి ముందు ఆకుపచ్చ మట్టిరంగు పలచగా రెండు పూతలు వేస్తారు. దాని మీద గులాబీ, గోధుమ గీతలు వెంట్రుకవాసి సన్నగా వేస్తూ పోతే, కింది పచ్చ అక్కడక్కడ తొంగిచూసి, కణత దగ్గర, మెడ దగ్గర ప్రాణమున్న నీడ అవుతుంది. ఆ పచ్చ వెయ్యడం నా పని. నేను రెండు కాదు, ఐదు వేశాను. సొన తక్కువ, రంగు ఎక్కువ. ఆరాక పైకి చూస్తే తెలియదు. శ్రావణక్క మూడు వారాలు ఆ మొహం మీద గీతలు వేసింది. వేసినకొద్దీ మరియ మొహం పాచి పట్టినట్టు తేలింది. "నా చెయ్యే బాలేదు మాస్టారూ. ఏం చేసినా మరియమ్మకి జ్వరం వచ్చినట్టుంటోంది" అని ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఆకు మీద ఈనెలు దిద్దుతున్నాను.

మాస్టారు ఆ మొహం ముందు చాలాసేపు నిలబడ్డారు. లావు పుస్తకం తెచ్చి, నీలికొంగు మాస్టర్ ఆఖరి పలక ఉన్న పేజీ తీసి బల్ల మీద పెట్టి మా ఇద్దరినీ పిలిచారు. అందులో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ముగ్గురి మొహాలూ పచ్చగా ఉన్నాయి.

"పండితులేమన్నారో చదువమ్మా హెప్సీ" అన్నారు.

చదివాను. "ఎవరో శుభ్రం చేసేటప్పుడు గట్టిగా తుడిచారు. పైరంగు అరిగిపోయి కింది పచ్చ బయటపడింది."

"సరే. తుడిచినవాడు మొహం వరకే తుడుస్తాడా? కొంగు చూడు."

కొంగు కొత్త చీరలా ఉంది.

"పక్కన ముసలాయన చూడు."

ముసలాయన బుగ్గలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి.

"అంటే ఏంటి మాస్టారూ?" అంది శ్రావణక్క ముక్కు తుడుచుకుంటూ.

"అప్పటికి ఆయనకి చూపు లేదు. ముసలాయన్ని ఎలాగో తంటాలుపడి తనే వేశాడు. ఆడవాళ్ళ మొహాలు ఎవరో కొత్త శిష్యుడికిచ్చాడు. కింద పచ్చ వేసేవాడు పాతవాడు. ఇరవై ఏళ్ళుగా కొట్టులో సుద్ద రుద్దినవాడు." మాస్టారు భూతద్దం మూసి జేబులో పెట్టుకున్నారు. "వాడికి కోపం వచ్చింది."

నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

"పాపం, మరి పెద్దాయన తిట్టలేదా?" అంది శ్రావణక్క.

"తిట్టాడో లేదో తెలీదమ్మా. వాడి పేరు తెలీదు, ఊరు తెలీదు. ఐదు వందల ఏళ్ళ తర్వాత వాడి గురించి మిగిలింది ఆ కోపం ఒక్కటే. అదీ బొమ్మని పట్టుకుని ఉండిపోయింది కాబట్టి" అన్నారు. తర్వాత చిన్న కత్తి తీసి మరియ మొహం సుద్ద దాకా గీకేశారు. గీకుతూనే అన్నారు, "మళ్ళీ మొదలెడదాం. పచ్చ హెప్సీయే వేస్తుంది."

నేనే వేశాను. రెండు పూతలు, పలచగా. శ్రావణక్క దాని మీద వేసిన మొహం ఇప్పుడు హాల్లో ఉంది, మీరంతా చూశారు. కిందటేడు ఎవరో పెద్దాయన ఆ మొహం చూస్తే ఊళ్ళో వాళ్ళమ్మ గుర్తొచ్చిందని నిలబడి చెప్పాడు. అప్పుడు కూడా నాకు కడుపు మండింది. శ్రావణక్కా, ఆ మూడు వారాలు నీ చేతిది తప్పు కాదు. నువ్విప్పుడుంటున్న వెల్లింగ్టన్‌కి ఈ పత్రిక వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మాస్టారు ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల నేను దాన్ని మొయ్యాల్సొచ్చింది. ఆ చలికాలమే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టాను, వేసేది రానప్పుడు చూసేదైనా నేర్చుకుందామని. "మంచిది. అక్కడివాళ్ళకి పుస్తకాలెక్కువ. నాక్కూడా చెప్పు" అన్నారాయన. చెప్పేదాన్ని. శనివారాలు వెళ్ళి, ఆ వారం నేర్చుకున్నదంతా గడగడా ఒప్పజెప్పేదాన్ని. వినేవారు, రంగు నూరుతూ. సగంలో "అది వాళ్ళు బొమ్మ దగ్గరికెళ్ళి చూసి రాశారా, ఇంకో పుస్తకం చూసి రాశారా?" అనేవారు. సోమవారం నేను వెళ్ళి వెతికితే, చాలాసార్లు ఇంకో పుస్తకమే.

ఆఖరి ఏడాది రాసిన పెద్ద వ్యాసం నీలికొంగు మాస్టర్ ఆఖరి పలక మీద రాశాను. అరుగుదల కాదు, కింది పూత తేడా అని. మా ప్రొఫెసర్ ఇటలీలో ఆ పలక ఉన్న చోటికి రాసి, వాళ్ళ దగ్గరున్న పెద్ద ఫోటోలు తెప్పించింది. మొహాల మీద పైరంగు గీతలు ఎక్కడా తెగలేదు, అరగలేదు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పచ్చే ముదురు. "ఇది నీకెలా తట్టింది?" అని అడిగింది. మొదటి పేజీ అడుగున రాశాను చూడండన్నాను. అక్కడ ఉంది: ఈ గమనింపు మౌంట్ ఆల్బర్ట్‌లో ఫ్రేములు కట్టే శ్రీ జక్రయ్యది. పండితుల పేర్లుండాల్సిన చోట మా మాస్టారి పేరు. ఆ కాపీ అట్ట వేయించి, ఉత్తరంతో పాటు ఆ మంగళవారం సంచిలో పెట్టుకున్నాను. పేరు చూపించి, ఆ పచ్చ సంగతి నా నోటితో చెప్పేద్దామనుకున్నాను. చెప్పాక, మొహం ఇస్తారా అని ఇంకొక్కసారి అడుగుదామనుకున్నాను. రైల్లో వస్తూ ఆయన ఏమంటారో కూడా నేనే అనుకుని, నేనే నవ్వుకున్నాను. అట్ట వేయించడానికి బైండింగ్ షాపులో నాలుగు రోజులు పట్టింది, అది చేతికొచ్చాకే వెళ్దామని ఆ శనివారం కొట్టుకి కూడా పోలేదు. వేయించకుండా వచ్చేసి ఉంటే శుక్రవారమే చెప్పి ఉండేదాన్ని.

అంత్యక్రియలకి ముందురోజు మాస్టారిని చూడటానికి, దేహాన్ని సిద్ధం చేసి ఉంచే ఫ్యూనరల్ హోమ్‌కి దగ్గరివాళ్ళం వెళ్ళాం. ఆంటీ, అమ్మ, నేను, పొద్దున విమానంలో వెల్లింగ్టన్ నుంచి వచ్చిన శ్రావణక్క. పెట్టెలో మాస్టారు కోటు, టై వేసుకుని ఉన్నారు. ఆంటీ రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఎవరిది?" అంది.

అక్కడి కుర్రాడు మర్యాదగా, శ్రద్ధగానే చేశాడు. అతని దగ్గరున్న రంగులు అవి. మాస్టారి మొహానికి, మెడకి లేత గులాబీ పౌడరు పట్టించాడు. కోటు చేతుల్లోంచి వచ్చిన చేతులు మాస్టారివి, మొహం ఇంకెవరిదో.

"మార్చమంటే మారుస్తాడంట ఆంటీ" అంది శ్రావణక్క, అతన్ని అడిగొచ్చి.

"వద్దు. మన పిల్లలే చేస్తారు" అంది ఆంటీ.

మన పిల్లలంటే నేనూ శ్రావణక్కా. ఎవరి చెయ్యి మంచిదో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను పక్కకి జరిగాను కూడా. ఆంటీ నన్ను పట్టుకుంది. "హెప్సీ, నువ్వు చెయ్యమ్మా. ఆరేళ్ళు ప్రతి వారం ఎదురుగా కూర్చున్నావు. ఆయన మొహం నీకే బాగా తెలుసు."

అంత దుఃఖంలోనూ నాకు సంతోషం కలిగింది. శ్రావణక్క వైపు చూశాను కూడా, చూసిందా లేదా అని. ఆమె అప్పటికే తన హ్యాండ్‌బ్యాగ్ నేల మీద బోర్లించి పౌడరు డబ్బాలు ఏరుతోంది. అమ్మది ఒకటి, ఆంటీది ఒకటి. ఏ ఒక్కటీ ఆయన రంగు కాదు. ఒక సాసర్‌లో కోల్డ్ క్రీమ్ వేసి కలపడం మొదలుపెట్టాను. శ్రావణక్క సాసర్ పట్టుకుంది.

తడిగుడ్డతో ఆ గులాబీ అంతా తుడిచాక మాస్టారి మొహం బయటికొచ్చింది. అప్పుడు నాకు భయం వేసింది. ఆ మొహం నాకు తెలియదు. ముక్కు మీద కళ్ళజోడు నొక్కిన రెండు గుంటలుంటాయని తెలియదు. ఎడమ చెవి ముందు చిన్నప్పటి అమ్మవారి మచ్చలు మూడున్నాయి. బీడీ మానేసి ఎన్నాళ్ళయిందో, కింది పెదవి మీద నలుపు ఇంకా ఉంది. నుదురు ఒక గోధుమ, బుగ్గలు ఇంకో గోధుమ. కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని చిన్న చోటు. ఆరేళ్ళు నేను ఈ మొహంలో వెతికింది ఒక్కటే, నేను వేసినది బాగుందంటుందా లేదా అని. మిగతాదేదీ చూడలేదు. ఇప్పుడిక అందులో వెతుక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి, ఉన్నది కనపడింది.

ఎంతసేపు చేశానో తెలియదు. మచ్చలు కప్పలేదు. ముక్కు మీద గుంటలు కప్పలేదు. పెదవి నలుపు అలాగే ఉంచాను. మధ్యలో ఎవరు చూస్తున్నారన్నది మర్చిపోయాను. అమ్మ నీళ్ళు తాగమని చెబుతోందట, వినలేదు. వేళ్ళు తుడుచుకుని లేచి వెనక్కి జరిగితే ఆంటీ వచ్చి వంగి చూసింది. చేత్తో ఆయన క్రాఫు కాస్త పక్కకి దువ్వింది.

"ఇదుగో. ఈయన" అంది.

మర్నాడు హాలు నిండిపోయింది. వరసలో వచ్చి చూసినవాళ్ళంతా మాస్టారు నిద్రపోతున్నట్టే ఉన్నారన్నారు. చాలామంది లేచి మాట్లాడారు. ఆయన మా మాస్టారన్నారు, నన్ను కొడుకులా చూసుకున్నారన్నారు, నా కూతురి చేత మొదటి గీత గీయించారన్నారు. ఒక్కొక్కరికీ ఇంత ఇచ్చి ఉంటే నాకు మిగిలిందెంత అని నేను మూడో వరసలో కూర్చుని కుళ్ళుకున్నాను. ఆ మొహం ఎవరు చేశారని ఎవరూ అడగలేదు, శ్రావణక్క కూడా చెప్పలేదు. ప్రార్థన చేసి మూత వేశారు. సమాధుల తోటలో వాన మొదలైంది, మన్ను తడిసి బరువెక్కింది, మగవాళ్ళు గబగబా పూడ్చేశారు.

మాస్టారి లాంటి కన్నున్న మనిషి మన మధ్య మళ్ళీ పుడతాడని నేను అనుకోను. ఆయన ఫ్రేములు కట్టిన చేతుల్ని, మేము దాచుకున్నవన్నీ చూసి కూడా మమ్మల్ని కొట్టులోంచి పంపెయ్యని ఆ మనసుని తలుచుకుని తల వంచుతున్నాను. ఆరేళ్ళు ఎదురుచూస్తే నా చేతికి ఒక్క మొహం వచ్చింది. అది బాగా కుదిరిందో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, నేను దాన్ని వేస్తున్నంతసేపూ, దాని వెనక కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.